నలభై మూడు నిమిషాల ముందు

ఉదయం ఎనిమిదిన్నరకి ముద్రణ గదిలోంచి పదకొండు పుస్తకాలు బయటికొచ్చాయి. ఇంకా వేడిగానే ఉన్నాయి. నీలవేణి వాటిని ఇడ్లీ పాత్ర దించినట్టు చేతిగుడ్డతో పట్టుకుని బల్ల మీద పెట్టింది. తెర మీద జవాబుల యంత్రం ప్రత్యుత్తరి చూపిన వరసలో ఒక్కొక్క పుస్తకం మొదటి పేజీ మీద ఒక్కొక్క పాత తేదీ ముద్ర వేసింది. ఒకదానికి పదహారేళ్ళ కిందటి తేదీ, ఒకదానికి ముప్ఫై ఏళ్ళ కిందటిది. ఒకదానికి నలభై. చివరిదానికి పదేళ్ళు. దాని అట్ట జిగురు ఇంకా ఆరలేదు.

తీరపురం సముదాయ కళాశాల గ్రంథాలయంలో తొమ్మిదేళ్ళుగా ఆమె పని ఇదే. పరిశోధనా సేవల నిర్ధారక. ఎవరు ఏ ప్రశ్న అడిగినా ప్రత్యుత్తరి నాలుగు సెకన్లలో జవాబు చెబుతుంది. జవాబుకి అచ్చులో ఆధారం ఉండాలని, దాన్ని ఒక మనిషి చూసి వేలిముద్ర వెయ్యాలని చట్టం. ఆధారం దొరక్కపోతే ప్రత్యుత్తరి తనే రాసుకుని ముద్రణ గదికి పంపుతుంది. ముందు బిడ్డ పుడుతుంది, తరవాత తల్లి పుడుతుంది. ఇద్దరికీ కలిపి బారసాల చెయ్యడం నీలవేణి వేలి పని.

మొదటి ఏడాది ఆమె ప్రతి పుస్తకాన్నీ తెరిచి చూసేది. రెండో ఏడు మానేసింది. ఇప్పుడు ఆ పుస్తకాలంటే ఎంత రోతో, ప్రశ్నలు పట్టుకుని వచ్చేవాళ్ళన్నా అంతే రోత. అడిగేవాడికి తను వినదలుచుకున్నదేమిటో ముందే తెలుసు. అది వినగానే మొహం విప్పారి, దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు. అన్నిటికంటే రోత, ఏమీ అనకుండా వెళ్ళి వేలిముద్ర ఫలకం మీద వాలే తన బొటనవేలు.

ఆ రోజు పఠనోత్సవం. పాత తీరపురాన్ని సముద్రం మింగి పదకొండేళ్ళయింది. సభామందిరంలో మూడు వందల కుర్చీలు వేశారు. ప్రతి కుర్చీ మీదా ఒక శ్రద్ధాపట్టీ. మణికట్టుకి కట్టుకుంటే ఎవరెంత శ్రద్ధగా వింటున్నారో లెక్కగడుతుంది. సభ సగటు డెబ్భై దాటకపోతే కళాశాల శ్రేణి పడిపోతుంది. కట్టుకున్న చేతిని కుర్చీ అంచుకేసి గట్టిగా నొక్కితే సగటు పెరుగుతుందని విద్యార్థులు కనిపెట్టి మూడేళ్ళయింది. ఆ సంగతి ప్రిన్సిపాల్ శ్రీరంగనాథ్‌కీ తెలుసు. అంచులు గుండ్రంగా ఉన్న కుర్చీలు తీయించి, పదునైనవి వేయించింది ఆయనే.

తొమ్మిదింటికి ఆయన హడావిడిగా వచ్చాడు. "నీలవేణిగారూ, ముఖ్య అతిథిగారి ప్రతి సిద్ధమేనా?"

"అట్ట ఆరలేదు సార్."

"పరవాలేదు, ఆయన అట్ట చూడరు. లోపల కూడా చూడరనుకోండి, తెర మీద చూసే చదువుతారు. మీ ముద్ర పడిందా?"

"పడింది."

"అంతే కావాలి," అని ఆయన పూలదండల వైపు పరుగెత్తాడు.

పుస్తకం పేరు 'విననివారి ఊరు'. సముద్రానికి అడ్డుగా కట్టిన గోడ తెగడానికి నలభై మూడు నిమిషాల ముందే సైరన్ మోగిందనీ, జనం మొండితనంతో ఇళ్ళు వదల్లేదనీ, నాలుగు వందల మంది అందుకే పోయారనీ అందులోని కథ. పదేళ్ళ కిందటి తేదీ ముద్ర వేసింది నీలవేణే, అరగంట కిందట.

పదకొండు గంటలకి ఒకావిడ పరిశోధన బల్ల ముందుకొచ్చి నిలబడింది. నలభై ఏడేళ్ళుంటాయి. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, నీలం యూనిఫారం, జేబు మీద పేరు: మైలపల్లి పోలమ్మ. పంపుల నిర్వహణలో సర్టిఫికెట్ చదువుతున్న విద్యార్థిని.

"బస్సు టైముల కోసమైతే బయట పలక మీద ఉన్నాయి," అంది నీలవేణి తల ఎత్తకుండా.

"బస్సు కాదమ్మా. ఓ సంగతి అడగాల. ఇయ్యాల మూడింటికాడ్నించి నాకు గోడకింద పంపుహౌసులో మొదటి డూటీ. సముద్రం పొంగితే సైరన్ మోగుతాది, అప్పుడు పైకొచ్చీమన్నారు. పాత ఊర్లో ఉండీది కూడా ఈ సైరనేనంట. ఆ రోజు మోగిందా, నేదా?"

నీలవేణి ప్రశ్నని ప్రత్యుత్తరికి అప్పజెప్పింది. నాలుగు సెకన్లు. "గోడ తెగింది ఐదూ ఇరవైకి. నాలుగూ ముప్ఫై ఏడుకి సైరన్ మోగింది. నలభై మూడు నిమిషాల ముందు. ఆధారం ఇదిగో," అని తడి అట్ట పుస్తకాన్ని ముందుకు తోసింది.

పోలమ్మ దాన్ని ముట్టుకోలేదు. "మోగనేదమ్మా. నాను ఆ రోజు ఊర్లోనే ఉన్నాను. చేపలు ఎండేసుకుంటన్నాను. మోగితే ఇననా?"

"నాలుగు వందల మంది విన్లేదు, మీరొక్కరే విన్నారా ఏమిటి?"

అన్నాక గాని ఆ మాటలో అర్థం లేదని నీలవేణికి తట్టలేదు. పోలమ్మ ఆమె మొహం కేసి చూసింది. కోపం కాదు. కుళ్ళిన చేపని గంపలోంచి తీసి పక్కన పెట్టేటప్పుడు చూసే చూపు.

"నానేటడిగినాను, నువ్వేటి సెప్పినావు? ఇదా నీ పని?" అంది. "ఈ పుస్తకం అట్ట సూడు, ఇంకా తడిగుంది. రేపు నాను పోతే నా గురించి కూడా ఓటి అచ్చేసీగలరు మీరు." బూట్లు చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయింది.

నీలవేణికి ఒళ్ళు మండిపోయింది. రబ్బరు బూట్ల మనిషి తనని తీసిపారేసింది. పది నిమిషాలు ఆవిడని మనసులో తిట్టుకుంది. పదకొండో నిమిషంలో, తను తిట్టుకుంటున్నది పోలమ్మని కాదని తెలిసిపోయింది.

నీళ్ళ క్యాను కింద ఒక రేకుపెట్టె ఉంది. పాత తీరపురం శాఖా గ్రంథాలయం నుంచి గజఈతగాళ్ళు పైకి తీసి ఆరబెట్టి పంపింది. చేతిరాత, పైగా చెరిగిపోయిన చేతిరాత కాబట్టి ప్రత్యుత్తరి దాన్ని 'అచేతన సామగ్రి' కింద వదిలేసింది. నీలవేణి తొమ్మిదేళ్ళూ దాని మీద క్యాను పెట్టుకుని నీళ్ళు తాగింది.

క్యాను దించి మూత తెరిచింది. ఉప్పు వాసన గుప్పుమంది. పైన రెండు పుస్తకాల్లో కాగితాలు ఒక్క ముద్దయిపోయాయి. మూడోది పాఠకుల హాజరు పుస్తకం. పెన్సిల్ రాత కావడంతో చాలావరకు నిలిచింది. చివరి పేజీలో ఆ రోజు తేదీ. వచ్చినవాళ్ళ పేరు, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ.

ఆమె వేలు గీతల వెంట కిందికి జారింది. నాలుగూ ఇరవై. నాలుగూ ముప్ఫై. నాలుగూ నలభై ఒకటి. నాలుగూ నలభై ఎనిమిది. నాలుగూ యాభై ఐదు. ఐదూ ఆరు. ఆ చివరి నలుగురూ వెళ్ళిన వేళ గడి ఖాళీ. పక్కన గమనికల గడిలో ఆ శాఖ గ్రంథపాలకుడు, ఎవరో గాని, గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు: '5.10. ఫ్యాను మళ్ళీ ఆగింది. రేపు మనిషిని పిలవాలి.'

సైరన్ మోగి ముప్ఫై మూడు నిమిషాలైన ఊళ్ళో ఒక మనిషి ఫ్యాను గురించి రాసుకుంటున్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఆ పుస్తకం పట్టుకుని పంపుల తరగతి గదికి వెళ్ళింది. పోలమ్మ డబ్బా విప్పి అన్నం తింటోంది. నీలవేణి పేజీ ముందు పెట్టింది. పోలమ్మ ఎడంచేత్తో పుస్తకం తిప్పుకుని కూడబలుక్కుంటూ చదివింది.

"నాలుగూ యాభై ఐదు, గురువులు. ఈ గురువులు మా ఈధోడేనమ్మా! ఉరిమితే మంచం కిందకి దూరీసీవోడు. సైరన్ మోగుతా ఉంటే పేపరు సదవడానికొస్తాడా?" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఆ పేరు మీద ఓ మెతుకు పడితే జాగ్రత్తగా తీసేసింది.

"ఇందాక నేనన్న మాట," అంది నీలవేణి.

"వొదిలీ. ఇప్పుడేటి సేస్తావు?"

"తెలీదు."

"ఆ మాట పొద్దున్నే సెప్పుంటే సరిపోను."

నాలుగింటికి సభ మొదలైంది. ముఖ్య అతిథి వెల్వెట్ కుర్చీలోంచి లేచి, తెర మీద అక్షరాలు చూస్తూ గంభీరంగా చదువుతున్నాడు: "పిలిచినా వినని ఊరది..." మూడు వందల చేతులు కుర్చీ అంచుల్ని నొక్కుతున్నాయి. సగటు డెబ్భై నాలుగు. వింటున్నవాళ్ళలో సగం మంది ఇళ్ళ నుంచి ఎవరో ఒకరు ఆ ఊళ్ళో పోయినవాళ్ళే. తమ చచ్చిపోయినవాళ్ళు మొండివాళ్ళని వింటూ శ్రేణి కోసం చేతులు నొప్పి పెట్టుకుంటున్నారు. వాళ్ళని చూసి నీలవేణికి జాలి కలగలేదు. తను వాళ్ళకంటే ఏం మెరుగు?

వేదిక పక్కనున్న నిర్ధారక ఫలకం మీద ఆమె హాజరు పుస్తకం పేజీని పరిచింది. అచేతన సామగ్రిని ఆధారంగా ఎక్కించే హక్కు నిర్ధారకకి ఉంది. ఇంతవరకు ఎవరూ వాడలేదు. ప్రత్యుత్తరి ఒక్కటే ప్రశ్న వేసింది: 'ఈ రాతని మీరు స్వయంగా చదివారా?' ఆమె వేలు ఆనించింది.

ముఖ్య అతిథి "నలభై మూడు" దాకా వచ్చి ఆగిపోయాడు. తెర మీద వాక్యం చెరిగిపోయి 'పరిశీలనలో' అని వచ్చింది. ఆయన అదీ చదివాడు. "నలభై మూడు... పరిశీలనలో... నిమిషాల ముందు..." వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

శ్రీరంగనాథ్ ఫలకం దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "ఏం నొక్కారండీ మీరు? తీసెయ్యండి!"

"తీయడానికి లేదు సార్. ఇది ఆ రోజు రాసింది. మనది ఇవాళ రాసింది."

ఆ నలభై మూడు నిమిషాల మీదే కొత్త గోడ సైరన్‌కి అనుమతి వచ్చింది. పాత ఊళ్ళో పనిచేసింది కాబట్టి వేరే పరీక్ష అక్కర్లేదన్నారు. ఇప్పుడా అనుమతి పక్కన కూడా 'పరిశీలనలో' అని పడింది. మొదటి వరసలో కూర్చున్న గోడ ఇంజనీరు కూర్మారావు లేచి వేదిక దగ్గరికి వచ్చాడు.

"ఇంత రాద్ధాంతం దేనికండీ?" అన్నాడాయన. "ఇక్కణ్ణించే మోగించి చూపిస్తాను. గోడ రెండు కిలోమీటర్ల దూరం, మనకి వినపడదు. దీపం చూడండి." చేతిలోని పలక మీద నొక్కాడు. వేదిక మీది తెరలో పచ్చదీపం వెలిగింది. 'సైరన్ మోగినది' అని అక్షరాలొచ్చాయి. సభ చప్పట్లు కొట్టింది. సగటు ఎనభై రెండుకి ఎగబాకింది.

"చూశారుగా? ముద్ర వెయ్యండి," అన్నాడు శ్రీరంగనాథ్, మెత్తబడి.

నీలవేణి ఫోను తీసి పంపుహౌసుకి చేసింది. మైకు ముందు పెట్టింది.

"పోలమ్మా, నేను గ్రంథాలయం నుంచి. ఇప్పుడు మీకేమైనా వినపడిందా?"

"ఏటి ఇనపడాల?"

"సైరన్."

అవతల పంపుల హోరు. తలుపు తీసిన చప్పుడు. మెట్లెక్కుతున్న బూట్లు. తరవాత గాలి. "అమ్మా, నాను గోడ మీదే ఉన్నాను, సైరన్ స్తంభం కిందే. గూడెట్టుకున్న కాకి కూడా ఎగరనేదు."

కూర్మారావు మళ్ళీ నొక్కాడు. పచ్చదీపం మళ్ళీ వెలిగింది. "ఇప్పుడు?" అన్నాడు, మైకులోకి వంగి, ఆశగా.

"నేదు బాబూ."

ఆయన పలక కిందికి దించి, తలొంచుకుని, తనలో తను అన్నట్టు అన్నాడు: "దీపానికే తీగ కలిపారు. సైరన్ కొమ్ముకి కలపలేదు. పాత ఊళ్ళోనూ ఇంతే అయ్యుంటుంది."

"నీలవేణిగారూ," శ్రీరంగనాథ్ గొంతు తగ్గించాడు. "ఆలోచించండి. సైరన్ లేదని నమోదైతే గోడకింద ఆరు వందల ఇళ్ళు ఈ క్షణం ఖాళీ చేయించాలి. మనకి ఉత్సవం, శ్రేణి, అన్నీ పోతాయి. రేపు తీగ కలిపించేద్దాం. ఇవాళ్టికి మోగిందనండి."

"పౌర్ణమి పోటు ఎప్పుడు?" అని ఆమె కూర్మారావుని అడిగింది.

"ఇవాళే. ఏడింటికి."

ఆమె ఫలకం మీద రెండు మాటలు రాసింది: 'మోగలేదు. విన్నవారు లేరు.' తొమ్మిదేళ్ళలో మొదటిసారి, వేలిని తనే తీసుకెళ్ళి పెట్టింది.

మూడు వందల ఫోన్లు ఒక్కసారి మోగాయి. గోడకింద ఇళ్ళున్నవాళ్ళు శ్రద్ధాపట్టీలు ఊడబీకి విసిరేసి తలుపుల వైపు పరుగెత్తారు. తెర మీద సభ సగటు సున్నాకి పడింది. ముఖ్య అతిథి ఇంకా మైకు దగ్గరే నిలబడి, ఎవరైనా తనని కూర్చోమంటారేమోనని చూస్తున్నాడు.

ఆరున్నరకి ఎత్తు మీదున్న కళాశాల గేటు ముందు జనం కిక్కిరిశారు. చంకల్లో పిల్లలు, నెత్తి మీద బిందెలు, పరుపులు, తాడు కట్టిన మేకలు. ఉత్సవం మొదలయ్యాక పట్టీ ఉన్నవాళ్ళకే తెరుచుకునేలా పెట్టిన గేటు, పట్టీ లేని మనిషిని చూసినప్పుడల్లా తనంతట తను మూసుకుంటోంది. నీలవేణి వేదిక మీదికెళ్ళి వెల్వెట్ కుర్చీని మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చి గేటు రెక్కల మధ్య అడ్డం పెట్టింది. గేటు రెండుసార్లు దాన్ని కొరికి, చేతగాక ఊరుకుంది. జనం దాని పక్కనుంచి లోపలికొచ్చారు.

అందరికంటే వెనక పోలమ్మ వచ్చింది, తాళాలు వేసుకుంటూ ఆగినవాళ్ళని తిట్టుకుంటూ, తరుముకుంటూ. గొంతు బొంగురుపోయింది. బూట్ల నిండా నీళ్ళు. నీలవేణిని చూసి చెయ్యి ఊపింది. నడిదారిలో అడ్డంగా ఉన్న ఆ వెల్వెట్ కుర్చీలో కూలబడి, బూట్లు విప్పి ఒంపుకుంటూ, "ఎవలైనా కాసిన్ని నీళ్ళియ్యండర్రా," అంది.