పొట్టు యాడ మామా?

చచ్చిపోయిన మల్లప్ప ఆయిలు రూములో తిరుగుతాండాడని నాకు మొదట చెప్పింది మరియమ్మ, మిల్లులో ఊడ్చే మనిషి. ఆమె అబద్ధమాడదు. నేనే నమ్మలేదు.

హిందూపురం నూలు మిల్లులో పంతొమ్మిదేండ్లు ఆ రూము నా చేతిలో ఉండింది. నా పేరు మారెప్ప. అప్పట్లో సంతకం మటుకే వచ్చు. అయినా పనిలో నన్ను తప్పుపట్టినోడు లేడు. ఏ ఆయిలుకు ఆ డబ్బా, ఆ గరాటు. ఆయిలు గుడ్డలు మూతుండే డబ్బాలోనే. డ్రమ్ము కొళాయిల కింద, బొట్టు పడేచోట, రంపపు పొట్టు. పొట్టు లేకుండా ఒక్కపూట ఉంచలేదు.

తొంభై ఎనిమిదిలో ఆయుధ పూజకు ఓనరు వస్తాడని సూపర్వైజరు తిరుపాల్ ఆ పొట్టంతా ఎత్తిపిచ్చినాడు. నేను పని నేర్పినోడే.

"పొట్టు తీస్తే జారతారప్పా," అన్నా.

"పండగపూట ఈ చెత్తేంది పెద్దాయనా? కడిగి ముగ్గేపిస్తా. లోపలికి ఎవరూ చెప్పులతో రాకూడదు. నువ్వు పోయి టెంకాయలు తే పో."

పోయినా. ఆ సందులో, నన్ను మామా అని పిలిచే మల్లప్ప, మిషన్లకు పోసే ఆయిలు పట్టుకుందామని వట్టి కాళ్లతో లోపలికి పోయినాడు. ముగ్గు మీద కారిన ఆయిలులో జారి, తల డ్రమ్ము అంచుకు కొట్టుకున్నాడు. నేనొచ్చేసరికి ప్రాణం లేదు.

మర్నాడు తిరుపాల్ కాయితం తెచ్చినాడు.

"సంతకం పెట్టు పెద్దాయనా. మల్లప్ప పెండ్లానికి సాయం చేయమని రాసినా."

నమ్మి పెట్టినా. పొట్టు పోయనిది నేనేనని దాంట్లో ఉండాదంట. వారానికి నన్ను తీసేసినారు. ఆ దెబ్బకే తర్వాత కూడబలుక్కుంటా అక్షరాలు నేర్చుకున్నా.

తీసేసినాక, ఆడనే ఉండిపోయిన నా గుడ్డసంచి తెచ్చుకుందామని ఒక మధ్యాన్నం ఆ రూముకు పోయినా. లోపల అడుగు పెట్టగానే కరెంటు పోయింది. కిటికీ లేని రూము. ఆయిలు వాసన గొంతులో పేరుకునింది. మిషన్ల మోత ఆగిపోయి, కొళాయి బొట్టు ఒకటే వినపడతాంది.

టప్... టప్...

తర్వాత అది బొట్టు కాదు. వట్టి కాలు ఆయిలు మీద అతుక్కొని లేస్తాండే చప్పుడు.

చప్... చప్... నా ముందర నిలిచింది.

"మామా... పొట్టు యాడ?"

"తిరుపాల్ తీపిచ్చినాడప్పా... నేను కాదు..."

"కాయితంలో నీ పేరుండాది గదా... మామా..."

ఆయిలు జిడ్డు చెయ్యి ఒకటి నా పాదాలు తడిమింది. చెప్పులున్నాయా లేవా అని చూసినట్ల... ఎట్ల బయటపడినానో తెలీదు.

తిరుపాల్ ఇప్పుడు ధర్మవరంలో ఉండాడు. నేను కనపడితే తల తిప్పుకుంటాడు. తిప్పుకోనీ. వాడి క్షమాపణ నాకొద్దు. చచ్చినోడు గూడా నన్నే తప్పుపడతాండాడే, అదొక్కటే నాకు నిద్ర పట్టనియ్యదు.

ఆ మిల్లులో చదువొచ్చినోళ్లు ఎవరైనా ఉంటే, ఆ కాయితంలో నా పేరు కొట్టేసి నిజం రాయండి. ఆ రూము తలుపుకాడ నిలబడి గట్టిగా చదవండి. మల్లప్ప వినాల. వాడు పోయినాకనే ఆ కాయితం రాసినారు. వాడికి ఒక్కక్షరం రాదు.

మరి లోపల వాడికి చదివి వినిపిచ్చింది ఎవరు?