సాన్‌తాష్ రాళ్ళదిబ్బ

సాన్‌తాష్ కనుమలో ఆ రాళ్ళదిబ్బ ఉందే — పొద్దుగూకాక అక్కడ ఎవరూ గుర్రం దిగరు. అక్కడి గులకరాయి కూడా ఇంటికి తేరు.

కుంటి తైమూరు వేయించిన దిబ్బ అది. కుర్రతనంలో పరాయి మందను తోలుకురాబోయి కాలికి బాణం దెబ్బ తిన్నాడట. ఆ కాలు ఈడ్చుకుంటూనే సమర్కందు గద్దె ఎక్కాడు, మునిమనవల దాకా ఏలేంత వంశం నిలబెట్టాడు. ఎవరి భుజమూ పట్టుకుని నడవలేదు. చదువు రాదు, లెక్క మాత్రం తప్పడు. తూర్పుకి దండెత్తుతూ సిపాయిలందరినీ తలా ఒక రాయి వెయ్యమన్నాడు. తిరిగొస్తూ తలా ఒకటి తీసుకోమన్నాడు.

తిరిగిరానివాళ్ళవి మిగిలాయి... అదే ఆ దిబ్బ.

ఆయన ఏడవలేదంటారు. అందరినీ ముందు పంపేసి, చీకటి పడేదాకా ఒక్కడే దాన్ని చూస్తూ గుర్రం మీద కూర్చున్నాడంటారు.

మన ఉల్‌బాలా కొడుకు సేయిత్ జర్మన్ యుద్ధానికి పోతూ ఆ దిబ్బ మీద ఒక రాయి వేసిపోయాడు. పెద్దలు వద్దన్నా వినలేదు. "వచ్చి తీసుకుంటాలే అమ్మా" అని నవ్వాడు.

యుద్ధం అయిపోయి మూడేళ్ళయింది. సేయిత్ రాలేదు. చచ్చిపోయాడన్న కాగితమూ రాలేదు.

ఆమె మరిది ఓర్మోష్ ఒక సాయంత్రం ఆమె గుడారానికి వచ్చి కూర్చున్నాడు.

"వదినా, రేపు నా మందలోంచి ఒక గుర్రాన్ని కోసి వాడి కర్మ చేసేద్దాం. చుట్టాలకి కబురు పెట్టేశాను."

"నా కొడుకు బతికే ఉన్నాడు."

"బతికుంటే ఒక ఉత్తరం ముక్క రాయడా?"

"నువ్వు పక్క గుడారంలో ఉండి ఏడాదికోసారి పలకరిస్తావు. నీకూ చేయించనా కర్మ?"

ఓర్మోష్ గిన్నె ముందుకి లాక్కున్నాడు. టీ పోసుకున్నాడు.

గుర్రాన్ని కట్టి వస్తానని చెప్పి ఆమె బయటికొచ్చింది. కట్టలేదు... ఎక్కింది. రాయి ఇంటికొస్తే, వేసినవాడు తిరిగొచ్చినట్టే లెక్క. అప్పుడు రేపు కర్మ ఎలా చేస్తారో చూస్తాను — అదే ఆమె పంతం.

కనుమలో గాలి లేదు. దిబ్బ దగ్గర గుర్రం ఆగిపోయింది. ఆమె దిగింది.

సేయిత్ వేసింది ఎర్రరాయి. వెన్నెల్లో అన్నీ నల్లగానే ఉన్నాయి. మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కొక్కటీ తడిమింది. అన్నీ మంచుముద్దల్లా ఉన్నాయి...

ఒక్కటి వెచ్చగా తగిలింది.

ఇప్పటిదాకా ఎవరో గుప్పిట్లో పట్టుకుని వదిలినట్టు.

"దొరికావా నాయనా" అని గొణుక్కుంది. రాయిని కోటులో, రొమ్ముకి ఆనించి పెట్టుకుంది. చూస్తే గుర్రం లేదు. ఎటో పారిపోయింది.

నడక మొదలుపెట్టింది. కాసేపటికి వెనక రాళ్ళు కదిలాయి... అడుగులు. ఆమె ఆగితే ఆగుతున్నాయి. నడిస్తే నడుస్తున్నాయి.

తిరిగి చూడలేదు. చూస్తే పోతాడేమోనని భయం.

"చలేస్తోందా?" అని గుసగుసగా అడిగింది.

అడుగులు కాస్త దగ్గరికొచ్చాయి. దారి పొడుగునా ఆమె మాట్లాడుతూనే ఉంది — ఎవరికి పెళ్ళయింది, ఏ ఆవు ఈనింది, వాడి జీను ఎక్కడ దాచింది. ఇన్నేళ్ళలో అన్ని మాటలు ఆమె ఎవరితోనూ ఆడలేదు.

గుడారం దగ్గర కుక్క మొరగలేదు. లేచి పక్కకి తప్పుకుంది.

ఆమె తలుపు తెర ఎత్తింది. పొయ్యి దగ్గర ఓర్మోష్ తలెత్తి చూశాడు. ఆమెని కాదు, ఆమె వెనక్కి. సేయిత్‌ని భుజాల మీద ఎక్కించుకుని పెంచినవాడు. చీకట్లోనైనా పోల్చుకోగలడు.

చేతిలోని టీ గిన్నె కింద పెట్టేశాడు.

"వదినా... ఈ అబ్బాయెవరు?"

ఉల్‌బాలా అప్పుడూ తిరగలేదు. కోటులో రాయిని రెండు చేతులా అదుముకుంది.

"తెల్లారాక సేయిత్ పేరున గుర్రాన్ని కొయ్యి" అంది. "ఇప్పుడు ఇంకో గిన్నె తియ్యి. పిల్లాడు చాలా దూరం నుంచి వచ్చాడు."