ఖాళీ చెయ్యని ఇల్లు

మంగళవారం ఉదయం మహిమ స్కూలుకి బాక్సు సర్దుకుంటూ ఉండగా ఫోను మోగింది.

"జయరాజ్ గారి మిసెస్సేనా అండి? బ్యాంకు నుంచి. సారు ఫోనెత్తట్లేదు. రెండు నెలలుగా కార్డుకి మినిమమ్ కూడా కట్టలేదండి."

"ఏ కార్డండీ? ఒకటి తీర్చేశాం. మిగతా రెండిటికీ నెలనెలా కడుతున్నాం కదా!"

అవతలి మనిషి బ్యాంకు పేరు చెప్పాడు. అందులో తమకు కార్డుందనే ఆమెకు తెలియదు. బాకీ డెబ్బై రెండు వేలట.

జయరాజ్ జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. పెళ్లయిన మూడేళ్లలో బైకు, ఏసీ, చుట్టాల పెళ్లిళ్లలో చదివింపులు, అన్నీ కార్డుల మీదే గీశాడు. ఒక కార్డు మీద తీసి ఇంకో కార్డుకి కట్టాడు. చివరికి మూడు కార్డులూ కలిసి నాలుగు లక్షలయ్యాయి. అప్పుడు మహిమే అంది, అద్దె మిగిలితే రెండేళ్లలో బయటపడతామని. తను నందిగామలో తండ్రి డేవిడ్‌రాజు దగ్గరికి వచ్చి, అక్కడే స్కూల్లో టీచరుగా చేరింది. ఇల్లు ఖాళీ చేసి, సామాను ఒక ఫ్రెండు గోడౌన్‌లో పెట్టి, తోటి పనివాడు తిరుపతిరావు రూములో ఉంటున్నానని జయరాజ్ చెప్పాడు.

ఎనిమిది నెలలుగా ఆదివారాలే వాళ్లవి. చర్చి అయ్యాక వచ్చి, భోంచేసి, సాయంత్రం బస్సెక్కేవాడు. బస్సు కనుమరుగయ్యాక కూడా ఆమె స్టాండులోనే నిలబడేది. ముప్పై కిలోమీటర్లే. అయినా వారం మధ్యలో ఒక్కసారి చూడాలని ప్రాణం కొట్టుకుపోయేది. ఛార్జీ దండగని ఆపుకునేది.

ఈ రోజు ఆపుకోలేదు.

"నాన్నా, జగ్గయ్యపేట వెళ్లొస్తా."

డేవిడ్‌రాజు ఉప్మా ప్లేటులోంచి తలెత్తాడు. "పోట్లాడ్డానికా?"

"ఏమో."

"వెళ్లమ్మా. అతను చెప్పేది కూడా కాస్త విను."

రూము దగ్గర తిరుపతిరావు ఆమెను చూసి తెల్లబోయాడు. "జయరాజా? ఇక్కడెందుకుంటాడమ్మా? మీ ఇంట్లోనేగా ఉంటున్నాడు!"

మహిమ తాము అద్దెకున్న వీధి మలుపు తిరిగింది. ఆ ఇంటి తలుపు తెరిచే ఉంది. నైట్ డ్యూటీ దిగొచ్చిన జయరాజ్ నేలమీద కూర్చుని పెరుగన్నం తింటున్నాడు. మంచం, బీరువా, పోపులపెట్టె, అన్నీ ఆమె వదిలి వెళ్లిన చోటే ఉన్నాయి. తలుపు వెనక కొక్కేనికి ఆమె చున్నీ కూడా అలాగే వేలాడుతోంది.

"మీరు ఖాళీ చెయ్యలేదా?"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "కూర్చో మహీ."

"కూర్చోడానికి రాలేదు. ఎనిమిది నెలల అద్దె ఎక్కణ్ణించి కట్టారు?"

"కొత్త కార్డు మీద."

"ఈ అద్దె మిగలాలనేగా నేను వెళ్లింది! మీరు కట్టిన ప్రతి నెలకీ మనం ఇంకో నెల విడిగా ఉండాలి. అది కూడా తట్టలేదా?"

"తట్టింది. ఖాళీ చేద్దామని ట్రాలీ ఆటో కూడా పిలిచా. మంచం విప్పబోతే చెయ్యాడలేదు. ఈ ఇల్లు పోతే నువ్విక రావేమో అనిపించింది. నువ్వేమో ఎంతో ధైర్యంగా వెళ్లిపోయావ్. ఉండలేకపోతున్నానని ఒక్కసారైనా అన్లేదు."

మహిమ గోడకి చేరగిలబడింది.

"అంటే మీరు పని మానుకుని పరిగెత్తుకొస్తారని అన్లేదు," అంది. "తెల్లారుజామున మెలకువొస్తే ఇంక నిద్ర పట్టదు. మీరు తిన్నారో లేదోనని దిగులు. నాన్న చూస్తారని స్నానాల గదిలో ఏడ్చేదాన్ని. మీరు కార్డు దాచారు. నేనిది దాచా."

అతను ఎంగిలి చేత్తోనే ముఖం కప్పుకుని భోరుమన్నాడు. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి, చిన్నపిల్లాడికి కడిగినట్టు ఆ చెయ్యి కడిగింది.

"రెండు గదులు మనకొద్దండి. ఒక్క గది చాలు. నేను బస్సు పాసు తీసుకుని ఇక్కణ్ణించే స్కూలుకెళ్తా. రెండేళ్లనుకున్నది నాలుగేళ్లు పడితే పట్టనీ. ఇంకెప్పుడూ నా దగ్గర కార్డు దాచకండి."

ఆ మధ్యాహ్నం ఏసీ, బైకు బేరం పెట్టారు. ఖాళీ చేస్తున్నామని చెబితే ఇంటి ఓనరు ప్రమీలారాణి తిరిగిచ్చిన అడ్వాన్సు ఇరవై వేలూ కొత్త కార్డుకే కట్టారు. మిగతాది వాయిదాలుగా మార్చమని బ్యాంకువాళ్లని జయరాజ్ స్వయంగా అడిగాడు. తర్వాత నాలుగు కార్డులూ తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. వాటిని కత్తిరించింది ఆమే.

సాయంత్రానికి రేకుల కప్పు ఉన్న ఒంటిగది దొరికింది. మంచం వేస్తే నడవడానికి చోటు మిగల్లేదు. మహిమ తండ్రికి ఫోను చేసింది.

"నాన్నా, ఇవ్వాళ రాను."

"రేపు?"

"రేపు కూడా రాను నాన్నా."

డేవిడ్‌రాజు గొంతు సవరించుకున్నాడు. "మంచిదమ్మా. నీ బట్టలు నేను తెచ్చిస్తాలే. అతనున్నాడా పక్కన?"

"ఉన్నారు," అంది మహిమ. ఆ ఒక్క మాట అనడానికి ఆమెకు ఎనిమిది నెలలు పట్టింది.