నలభై ఒకటో రోజు ప్రశ్న

మంగతాయారు సాక్షిఫలకాన్ని తడిగుడ్డతో తుడిచి, తర్వాతి మనిషిని పిలిచింది. విముక్తి మందిరంలో ఆమె హాజరు అధికారిణి. తాగుడు మానమని కోర్టు పంపినవాళ్ళు ఆ ఫలకం మీద అరచెయ్యి పెట్టి జవాబు చెప్పాలి. నిజమైతే పచ్చదీపం, అబద్ధమైతే ఎర్రదీపం.

వచ్చినవాడు గవర్రాజు, హార్బరులో క్రేన్ డ్రైవరు. నలభై రోజులుగా చుక్క ముట్టలేదు. ఆ సంగతి అతని చెమటే రోజూ ఫలకానికి చెబుతోంది. ఏ దేవుణ్ణి ఆశ్రయిస్తావో ఎంచుకోమనే పట్టికలో మాత్రం మొదటిరోజే 'ఇతరములు' నొక్కాడు. అందుకని అతని ధ్యానగది గోడ మీద ఏ బొమ్మా రాదు, ఉత్త తెల్లటి వెలుగు. ఈ ఆఖరి హాజరు పడితే సాయంత్రం శిశుగృహం నుంచి కూతురు ఇంటికొస్తుంది. పడకపోతే పిల్లని దత్తత ఇచ్చేస్తారు.

"ఇష్టపూర్వకంగా దైవాన్ని ఆశ్రయించారా?" అంది ఫలకం, ఆఖరిరోజు మాత్రమే అడిగే ప్రశ్న.

"నేదు. కోర్టోరు ఎల్లమన్నారు, వచ్చాను," అన్నాడు గవర్రాజు.

పచ్చదీపం వెలిగింది. కింద 'హాజరు చెల్లదు' అని పడింది.

"అదేటమ్మా! నిజవే గదా సెప్పాను?"

"నిజమేనయ్యా. కానీ అవుననాలి."

"అవును," అన్నాడు. ఎర్రదీపం. 'హాజరు చెల్లదు. ఇంకొక్క అవకాశం.'

మంగతాయారుకి బుర్ర తిరిగిపోయింది. బలవంతాన పంపి, ఇష్టపడి వచ్చావా అని అడగడమేమిటి? మరి ఇన్నాళ్ళూ ఇంతమంది ఎలా గట్టెక్కారు? నలభై రోజుల్లో ఎలాగో నమ్మేసేవారు కాబోలు. ఈ మొండిఘటం మీద ఆమెకు కోపమొచ్చింది, జాలీ వేసింది.

"సాయంత్రం వత్తానని పాపకి సెప్పేసినానమ్మా," అన్నాడతను.

అప్పుడు గుర్తొచ్చిందామెకు, శిక్షణలో చదివి మరిచిపోయిన నియమం. అధికారి అనర్హురాలైతే తప్పు మందిరానిది, ఆ రోజు వచ్చినవాళ్ళందరి హాజరూ చెల్లుతుంది. అధికారులకీ రోజూ ఒక ప్రశ్న ఉంది; లేదన్నా, ఎర్రదీపం వెలిగినా అనర్హులే. ఆరేళ్ళుగా ఆమె బొటనవేలితో 'అవును' మీట నొక్కి ఊరుకుంటోంది, అరచెయ్యి ఎన్నడూ పెట్టలేదు. ఇవాళ ఒక్క అబద్ధం ఆడితే చాలు, ఉద్యోగం పోతే పోనీ అనుకుంది. గవర్రాజు చెయ్యి పక్కకి నెట్టి తన చెయ్యి ఆనించింది.

"ఇష్టపూర్వకంగా దైవసేవ చేస్తున్నారా?"

"లేదు," అని, ఎర్రదీపం కోసం చూసింది.

పచ్చదీపం వెలిగింది.

'అధికారి అనర్హురాలు. నేటి హాజరులన్నీ చెల్లినవి.' లోపల ధ్యానగదుల్లో గోడల మీది దేవుళ్ళందరూ ఒక్కసారిగా చెరిగిపోయి, అన్నిట్లోనూ ఉత్త తెల్లటి వెలుగు మిగిలింది.

గవర్రాజు ఆ దీపం వంకా, ఆమె వంకా చూశాడు. "నా కోసం అబద్దవాడేరనుకున్నాను. నిజవేనా అమ్మా?"

"నేనూ అబద్ధమే అనుకున్నానయ్యా," అంది మంగతాయారు. "నువ్వు బయల్దేరు. పాప చూస్తుంటుంది."

చెయ్యి మాత్రం ఫలకం మీంచి తియ్యలేకపోయింది.