పొంగిన రొట్టె

శనివారం పొద్దున తొమ్మిదింటికి రోసమ్మ వంటింట్లో స్టూలు మీద కూర్చుని, సిమెంటు కట్టు వేసిన తన కుడి చేతినీ, ఎదురుగా ఉన్న ఖాళీ బేసినునూ మార్చి మార్చి చూస్తోంది. గురువారం బాత్రూములో జారిపడింది. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కదిలించొద్దన్నారు. నొప్పి సంగతి సరే... తెల్లవారితే నెలలో మొదటి ఆదివారం! బొల్లారం చర్చిలో ప్రభురాత్రి భోజనం, సంఘమంతా ప్రభువు బల్ల దగ్గర రొట్టె ముక్క అందుకునే రోజు. ఇరవై రెండేళ్ళుగా ఆ బల్ల మీదికి రొట్టె రోసమ్మ చేతి నుంచే వెళ్తోంది. శనివారమంతా ఉపవాసం ఉండి, పిండిని మూడుసార్లు జల్లెడ పట్టి, చిటికెడు ఉప్పు, చెంచాడు నూనె, గోరువెచ్చని నీళ్ళతో కలిపి, సన్నని మంట మీద పెనంపై కాలుస్తుంది. భర్త చనిపోయిన నెలలో కూడా ఆ రొట్టె ఆగలేదు.

"మీరేం పరేషాన్ కాకండి అత్తమ్మా," అంది కోడలు వసుధ, కొంగు నడుముకు దోపుకుంటూ. "నా చపాతీలే అప్పడాలైతయి. గందుకే సుమిత్రత్తకు ఫోన్ చేసిన. నేరేడ్‌మెట్ల ఆటో ఎక్కిందట."

రోసమ్మ స్టూలు మీంచి లేచింది. "సుమిత్రనా? ఎవర్నడిగి పిలిచినవ్?"

"ఒకప్పుడు రొట్టె ఆమెనే చేసేదట గద!"

అవును... ఆమే చేసేది.

సుమిత్ర రోసమ్మకు ఆడబిడ్డ. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త వదిలేసి వెళ్ళిపోతే అన్న ఇంటికి వచ్చి, జాకెట్లు కుడుతూ బతికింది. చర్చిలో అందరికీ ఆమె 'పాపం సుమిత్ర'. నెలకొక్కరోజు మాత్రం 'రొట్టె చేసే సుమిత్ర'. ఆ ఒక్కరోజు ఆమె నడకే వేరుగా ఉండేది.

ఇరవై రెండేళ్ళ కిందట ఈస్టరుకు ముందు సాయంత్రం సుమిత్ర పిండిలో ఉప్పు వేసి, జాకెట్ కోసం ఎవరో పిలిస్తే గుమ్మంలోకి వెళ్ళింది. ఆ కాసేపట్లో రోసమ్మ అందులో సోడా ఉప్పు వేసింది. చెడు తలంపుతో కాదు. పళ్ళు లేని ముసలివాళ్ళు నమలలేక అవస్థ పడుతున్నారు, కాస్త మెత్తగా వస్తుంది కదా అనుకుంది. పొంగకూడని రొట్టె అది! ఆ సంగతి తెలిసీ, ఇంతలో ఏమవుతుందిలే అనుకుంది. తెల్లవారుజామున పెనం మీద రొట్టె బూరెలా పొంగింది. మళ్ళీ చేసే వ్యవధి లేదు. ఆరాధనలో బల్ల మీద తెల్లగుడ్డ తీసిన సంఘ పెద్ద ఒకాయన, "పులియని రొట్టె తెమ్మంటే బన్ను తెచ్చిర్రేంది!" అన్నాడు. వెనక వరుసల దాకా నవ్వులు... సుమిత్ర తల వంచుకుని, "ఉప్పు డబ్బా అనుకొని సోడా డబ్బాల చెయ్యి పెట్టినట్టున్న," అంది. పక్కనే నిలబడిన రోసమ్మ నోరు విప్పలేదు. 'మొగుడు ఇడిచిపోయినకాడి నుంచి ఆమెకు ధ్యాస ఉంటలేదు' అని పెద్దలు ఆ పని వదినకు అప్పగించారు. కొన్నాళ్ళకు సుమిత్ర నేరేడ్‌మెట్‌లో వేరే ఇల్లు తీసుకుని వెళ్ళిపోయింది. వచ్చే వారం చెప్తాననుకుంది రోసమ్మ. వారాలు నెలలయ్యాయి, నెలలు ఏళ్ళయ్యాయి...

గేటు చప్పుడైంది. "ఏంది వదినా, నీ చెయ్యి విరిగితే గాని నాకు పిలుపు రాదా?" అని నవ్వుతూ వచ్చింది సుమిత్ర. చేతులు మూడుసార్లు కడుక్కుంది. పిండి డబ్బా ముట్టుకోబోయి ఆగింది.

"వసుధా, ముందుగాల ఆ సోడా డబ్బా తీసి బయట పెట్టు బిడ్డా. మా ఇంట్ల నేను కొననే కొన. ఉప్పు సుత నాలుక మీద ఏసుకొని చూసినంకనే కూరల ఏస్త. నా కండ్ల మీద నాకు నమ్మకం పోయింది."

నవ్వుతూనే అంది. ఇరవై రెండేళ్ళుగా ఈ మనిషి తన కూరలో తాను వేసే ఉప్పును నమ్మలేకపోయింది!

"సుమిత్రా... ఆ సోడా నువ్వు ఎయ్యలే. నేనేసిన."

కళ్ళనీళ్ళు కారిపోతుంటే రోసమ్మ అంతా చెప్పింది. సుమిత్ర ఏడవలేదు. చేతులు తుడుచుకుని, గోడకు ఆనుకుని నిలబడింది.

"మా అన్నకన్న చెప్పినవా?"

"ఎవ్వరికీ తెల్వదు."

"నాకు మతి లేదన్నరు వదినా! అవ్ గావచ్చని నేను సుత నమ్మిన..."

వసుధ మెల్లగా కల్పించుకుంది. "అత్తమ్మా, ఆరేండ్ల నుంచి చూస్తున్న. అందరు బల్లకాడికి పోయే టైముకు మీరు చంటిపిల్లల్ని ఎత్తుకొని బయటికి పోతరు. ఒక్కసారన్న రొట్టె తీసుకున్నరా?"

రోసమ్మ తల అడ్డంగా ఊపింది. "ఏ ముఖంతోని తీసుకుందు? తప్పు కడుక్కుందామని చేసుకుంట పోయిన. ఉపవాసాలున్న. ఎన్నటికన్న సరిపోతదనుకున్న..."

"సరిపోయిందా?" అంది సుమిత్ర.

"లే."

"ఎట్ల సరిపోతది? మన పనుల తోటి నీతిమంతులం కాము, ఆయన్ని నమ్ముకుంటెనే అయితమని పాస్టరయ్యగారు చెప్పంగ ముందు బెంచీల కూసొని తల ఊపినవ్. ఊరికె ఇస్తనన్నదానికి కూలి చేసుకుంట కూసున్నవ్! చెయ్యాల్సింది ఒక్కటే ఉండె. నాకు చెప్పుడు. గది చెయ్యలే." ఆమె పిండి డబ్బా దగ్గరికి లాక్కుంది. "నాకు కోపం పోలే వదినా. ఇయ్యాల పోదు. రేపు సంఘం ముందట చెప్తవా?"

"చెప్తా."

సుమిత్ర పిండి కలిపింది, కాల్చింది, తెల్లగుడ్డలో చుట్టింది. అన్నానికి ఆగకుండా వెళ్ళిపోయింది. వసుధ అన్నం, పప్పు కలిపి పళ్ళెం తెచ్చింది. "తినండి అత్తమ్మా. ఇయ్యాల రొట్టె మీరు చెయ్యలే గద, ఉపవాసమెందుకు?" రోసమ్మ కోడలి చేతి ముద్దలు ఏడుస్తూనే తింది.

ఆదివారం, బల్ల ఎదుట, రోసమ్మ నాలుగు మాటల్లో చెప్పేసింది. 'సోడా నేనేసిన. నింద సుమిత్ర మీద పడితే ఊకున్న. ఆమె ధ్యాస ఎన్నడూ తప్పలే.' ఆనాడు బన్ను మాట అన్న కిషన్ తాత ఇప్పుడు చేతికర్రతో వస్తున్నాడు. "సోడాకు ఇరవై రెండేండ్లా!" అని నవ్వబోయి, సుమిత్ర ముఖం చూసి ఆగాడు. తర్వాత కర్ర పట్టుకుని లేచి, "నాది సుత తప్పే బిడ్డా, నలుగుట్ల నవ్విచ్చిన," అన్నాడు.

వరుస కదిలింది. రోసమ్మ అలవాటుగా చంటిపిల్లల వైపు తిరిగింది. అప్పటికే ఇద్దరిని చంకనెత్తుకున్న వసుధ కదలకుండా నిలబడి, బల్ల వైపు కళ్ళతో చూపించింది. అయ్యగారి ఎదుటికి వెళ్ళాక రోసమ్మ తడబడింది. రొట్టెలు చేసిన కుడిచెయ్యి మెడకు కట్టి ఉంది. ఎడమచెయ్యి చాపడమా... ప్రభువు బల్ల దగ్గర!

వెనక నుంచి సుమిత్ర గొంతు వినిపించింది. "చాపు వదినా. ఏ పని చెయ్యని చెయ్యి గదా, అదే చాపు."

అయ్యగారు ఎడమ అరచేతిలో ముక్క పెట్టారు. రోసమ్మ కళ్ళు మూసుకుని నోట్లో వేసుకుంది.

ఆరాధన ముగిశాక చెప్పులు వెతుక్కుంటున్న చోట సుమిత్ర వచ్చి పక్కన నిలబడింది. రోసమ్మ ముఖం చూడకుండానే అడిగింది.

"ఉప్పు సరిపోయిందా?"

"జెర ఎక్కువైంది."

"నాకు సుత గట్లనే అనిపిచ్చింది," అంది సుమిత్ర, వంగి వదిన కాళ్ళ ముందు చెప్పులు సర్ది పెడుతూ. "వచ్చే నెల తక్కువేస్త."