ఘాటెక్కిన నురగ

"మొటిమలకు వాడే మందు ఫేస్‌వాష్. పేరు నిర్మలిన్. ఒక్క సీసాలో మన తీరపు రాడార్ల మైక్రోఫిల్మ్ ఉంది. ఏ సీసాయో తెలియదు. సాయంత్రం వేటపాలెం దగ్గర పడవెక్కుతుంది. ఆపాలి."

చీఫ్ ఖాజావలి బ్రీఫింగ్ అంతే.

మెడికల్ రిప్రజెంటేటివ్ వేషంలో ఏజెంట్ జయరావు గుంటూరు మిర్చి గోడౌనులో అడుగుపెట్టాడు. కోడ్ వర్డ్ తప్పు లేకుండా చెప్పాడు. అయినా పట్టుబడ్డాడు.

"వీడు గూఢచారండీ," అంది సంతోషకుమారి. సిల్కు చీర, నల్ల కళ్ళద్దాలు. మన మనిషేనని చీఫ్ నమ్మిన డబుల్ ఏజెంట్!

షట్టర్ దిగింది. జయరావును స్తంభానికి కట్టేశారు. నలువైపులా మిరప బస్తాలు. గాలి కూడా బందీయే. పీల్చిన ప్రతి ఊపిరీ ముల్లు.

ఎక్స్‌పోర్టర్ వేషంలో ఉన్న విదేశీ ముఠా నాయకుడు విక్టర్ బస్తా కోసి, రెండు చేతులా మిరపకాయలు తోడి, బందీ కాళ్ళచుట్టూ పోశాడు.

"బుల్లెట్ దండగ. వీటికి నిప్పంటిస్తే లేచే పొగ చాలు."

విక్టర్‌కు చెమట పట్టింది. అదే చేత్తో ముఖం తుడుచుకున్నాడు. మొటిమల ముఖం భగ్గుమంది.

"నీళ్ళు!"

సంతోషకుమారి బకెట్ తెచ్చింది. బల్లమీద వరసగా నిర్మలిన్ సీసాలు.

"ఉత్త నీళ్ళకు పోతుందాండీ? ఇంత మందు ఉండగా!"

ఒక సీసా అందుకుంది.

"అది కాదు! ఇంకోటి!" విక్టర్ అరిచాడు.

ఆమె దాన్ని విడిగా పెట్టి పక్క సీసా ఇచ్చింది. "బాగా రుద్దండి. నురగ రావాలి."

జయరావు ఉలిక్కిపడ్డాడు. కారం అంటిన చేతికి ముందు నూనె, ఆ తర్వాతే నీళ్ళు. ఇది ఇక్కడి ప్రతి ఇంటి ఆచారం. పొదిలిలో పుట్టి పెరిగిన సంతోషకుమారికి తెలియదా?

తెలుసు.

కారపు చేతులతో రేగిన నురగ కళ్ళలోకి దిగింది. విక్టర్ కేక పెట్టాడు. అతని నడుములోంచి పిస్టల్ జారింది, ఆమె అందుకుంది. గుడ్డిగా తడుముతూ అతను లైటర్ వెలిగించి మిరపకుప్పపైకి విసిరాడు. ఎండుకాయ అంటుకుంది. జయరావు కట్టిన కాళ్ళతోనే బకెట్ తన్నాడు. బుస్సుమంటూ మంట ఆరింది.

ఆమె తాళ్ళు కోసింది.

"నన్నెందుకు పట్టించారు?" దగ్గుతూ అడిగాడు.

"లేకపోతే వాడు నన్ను నమ్మి సీసాలు బయటికి తీసేవాడా అండీ? అసలుది ఏదో వాడి నోటితోనే చెప్పించాలిగా!"

ఆమె మొదట అందుకున్న సీసాను ఒంపింది. పచ్చటి ద్రవంలోంచి మైనపు ఉండ జారింది. దాని కడుపులో ఫిల్మ్.

చీకటి పడే వేళకు జయరావుకు చీఫ్‌తో ట్రంక్‌కాల్ కలిసింది.

"విక్టర్ ముఠావాళ్ళ పేర్లు చెప్పాడా?" అన్నాడు ఖాజావలి.

"అందరివీ చెప్పాడు సార్. గిద్దెడు కొబ్బరినూనెకే."