మూత ఆఖరున

"అక్షరం ఒక్కటి. గీతలు ఎనిమిది. ఛాన్స్ కూడా ఒక్కటే," అంటూ చీఫ్ గంగాధరరావు ఫైలు ముందుకు తోశాడు.

ఏజెంట్ సింహాద్రి చదివాడు. ఏ దేశానికీ చెందని ఆయుధాల ముఠా ఒకటి మూడు వారాల్లో విశాఖ ఫిషింగ్ హార్బర్‌ను పేల్చబోతోంది. బాంబు ఏ బోటులో వస్తుందో తెలియదు. దాన్ని ఆపే తాళం సంగతి మాత్రం తెలిసింది. చిన్న టచ్ స్క్రీన్ మీద 'దేశం' అనే చైనా అక్షరం రాయాలి. ఆకారం కుదిరితే చాలదు, ఏ గీత ముందో ఏ గీత వెనకో కూడా స్క్రీన్ పట్టేస్తుంది.

పోయినేడాది ఒక ఆపరేషన్‌లో పార్ట్‌నర్ మోహన్ తన ఒళ్లోనే ప్రాణం వదిలినప్పటి నుంచి సింహాద్రికి భయం లేదు, ఆకలి లేదు, ఏడుపు అసలే లేదు. చెయ్యి వణకదు కాబట్టే చీఫ్ అతన్ని ఎంచుకున్నాడు. మనిషి మొద్దుబారినా డిపార్ట్‌మెంటుకు పనికొస్తాడన్నమాట.

పాఠాలు చెప్పింది ఇంటర్‌ప్రెటర్ దేవిశ్రీ. నల్లకళ్లద్దాలు, షిఫాన్ చీర, ఆమె వెళ్లిపోయినా గదిని వదలని సెంటు వాసన. గళ్ల పుస్తకంలో రోజుకో వంద గళ్లు నింపించేది. గుండ్రటి తెలుగు అక్షరాలకు అలవాటు పడ్డ చెయ్యి మొదట్లో మూలలన్నిటినీ సున్నాలుగా చుట్టేసింది. పెట్టెలా ఉండే అక్షరాలకు ఆమె చెప్పిన రూల్ ఒకటే. ముందు మూడు గోడలు, తర్వాత లోపలి సామాను, కింది గీత ఆఖరున. చివరి రోజు 'దేశం' నేర్పేటప్పుడు మాత్రం పెట్టె మొత్తం ముందే మూయించింది.

"ఇదేటి మేడమ్, తిరగేసి రాయిత్తన్నారు?"

"ఇది ఎక్సెప్షన్ సింహాద్రి గారూ."

సరే అనుకున్నాడు. అనుమానించడానికి కూడా మనసంటూ ఒకటి ఉండాలి కదా.

గడువు రోజున ఐసు మోసే కూలీ వేషంలో బోటు బోటూ వెతికాడు. పేలుడు వేళైన ఉదయం తొమ్మిదికి ఇంకా ఆరు నిమిషాలుందనగా, డీజిల్ బంకు పక్కన కట్టిన బోటు ఇంజిన్ గదిలో బాంబు దొరికింది. కదిపితే పేలుతుంది. జనాన్ని ఖాళీ చేయించే టైము లేదు.

"ఐసు కరిగింది," అని ఇయర్‌పీస్‌లో బాంబు దొరికిందన్న కోడ్ పలికాడు.

"ఉప్పు వెయ్యి," అని చీఫ్ అనుమతి ఇచ్చాడు. ఆ వెంటనే దేవిశ్రీ గొంతు వినిపించింది. "గుర్తుందిగా? ముందు పెట్టె మూసెయ్యండి. లోపలిది తర్వాత."

కిటికీలోంచి జెట్టీ కనిపిస్తోంది. అక్కడ అతని తల్లి సూర్యకాంతమ్మ వేలంలో పాడుకున్న కోనాం చేపల్ని థర్మాకోల్ పెట్టెలో సర్దుతోంది. ఇంకాసేపట్లో పోబోయే తల్లిని చూసినా గుండె కదల్లేదు. అందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. ఊరికే ఆమె చేతుల్ని చూస్తూ ఉండిపోయాడు. అడుగున ఐసు, దానిమీద చేప, మళ్లీ ఐసు. అప్పుడు మూత, టేపు. నలభై ఏళ్లుగా అదే వరస. ఖాళీ పెట్టెకు టేపు చుట్టి, ఆ తర్వాత చేపలు సర్దే మనిషి ఈ హార్బర్‌లో పుట్టలేదు.

దేవిశ్రీ చెప్పిన ఎక్సెప్షన్ ఉత్తదని, ఆమె ముఠా మనిషని అప్పుడు అర్థమైంది.

ఇయర్‌పీస్ పీకి పారేశాడు. రెండు గీతల్లో మూడు గోడలు. లోపల అయిదు గీతలు. తొమ్మిది సెకన్లున్నాయి. ఎనిమిదో గీత కింద అడ్డంగా లాగి పెట్టె మూశాడు. రెండు సెకన్ల దగ్గర స్క్రీన్ పచ్చగా వెలిగింది.

చెయ్యి అప్పుడు వణికింది. ఏడాది బాకీపడ్డ భయమంతా ఒక్కసారిగా వచ్చింది, వెనకే మోహన్ కోసం రావలసిన ఏడుపూ వచ్చింది. డీజిల్ మరకల చెక్కల మీద కూర్చుని కరువుతీరా ఏడ్చాడు.

తాళం తెరుచుకుందన్న కబురుకు ఆఫీసులో అందరూ చప్పట్లు కొడితే, దేవిశ్రీ ఒక్కతే హ్యాండ్‌బ్యాగ్ అందుకుందట. మెట్ల దగ్గరే పట్టుకున్నామని చీఫ్ ఫోన్ చేసి చెప్పాడు.

ఎర్రటి కళ్లతో జెట్టీ ఎక్కిన కొడుకును సూర్యకాంతమ్మ ఎగాదిగా చూసింది.

"మూడు వారాల్నుంచి ఆ గళ్ల పుత్తకంలో ఏటి నేర్సుకున్నావురా?"

"పెట్టెకి మూత ఆకర్న ఎయ్యాలనమ్మా."

"దానికి ట్యూషనెట్టించుకున్నావా? రా, టేపట్టుకో."